పొలమారినప్పుడల్లా

“ఇంకో నాలుగడుగులు నాన్నా, అంతే” అంటున్నాను నేను, పెదాలు కదలకుండా. నాన్న చూపు నేల మీదే ఉంది. ఆయన కుడిచేతి రెండు వేళ్ళు నా హ్యాండ్‌బ్యాగు పట్టీలో దూరి ఉన్నాయి. చూసేవాళ్ళకి కూతురి పక్కన తండ్రి తీరిగ్గా నడుస్తున్నట్టే ఉంటుంది. ఆ రెండు వేళ్ళూ తీసేస్తే ఏమవుతుందో నాకు తెలుసు, ఆయనకి తెలుసు. వరండా ఆ చివర అట్ట మీద కాగితం పెట్టుకుని నిలబడ్డ చిన్న డాక్టరమ్మకి తెలియదు.

గుంటూరు బ్రాడీపేటలో నరాల డాక్టరు గారి దగ్గరికి అది మా రెండో రాక. బెంచీల నిండా జనం. గోడవైపు నాన్న, జనం వైపు నేను. ఆ డాక్టరమ్మ పాపం ఒక చెవికి భుజంతో ఫోను నొక్కిపెట్టుకుని టిక్కులు పెడుతోంది.

“వెనక్కి తిరిగి రండి” అంది.

తిరగడమే కష్టం ఆయనకి. నేను ముందే తిరిగి భుజం అడ్డంపెట్టాను. నాన్న గోడని తాకాడు, నన్ను తాకాడు, తిరిగేశాడు.

“బానే ఉందే” అంది డాక్టరమ్మ.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆ కాగితం సంగతి ఆవిడే అంతకుముందు చెప్పింది. నడకకి కొన్ని మార్కులు, నిలబడటానికి కొన్ని, మాటకి కొన్ని, వేలు ముక్కు మీదికి తెచ్చి పెట్టడానికి కొన్ని. మార్కులు ఎక్కువ వస్తే జబ్బు ఎక్కువని. నేను ఇంటర్‌లో లెక్కలు రెండుసార్లు తప్పి, ఇక చాలనుకుని జాకెట్లు కుట్టడం నేర్చుకున్నదాన్ని. తక్కువ మార్కులు వస్తే సంతోషపడే పరీక్ష ఒకటుందని అప్పుడే తెలిసింది. ఆ పరీక్షలో మా నాన్నకి కాపీ అందించింది నేనే. మాట అడిగినప్పుడు కూడా ఆయన నాలుక తడబడేలోపు సగం మాట నేనే అందుకుని పూర్తిచేశాను. ముక్కు దగ్గర మాత్రం నా వల్ల కాలేదు. వేలు ముక్కుకని బయల్దేరి బుగ్గ మీద ఆగింది.

ఈ బ్యాగు పట్టీ విద్య మాకు ఒక్కరోజులో రాలేదు. దాని వెనక ఐదారేళ్ళ సిగ్గుంది.

మా ఊరు గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం జిల్లా మొదలయ్యే చోట ఉంటుంది. మిరప, పత్తి తప్ప ఇంకో మాట వినపడదు. మిరపనారు నాటేముందు చేలో అచ్చు తోలతారు. నిలువునా అడ్డంగా గీతలు పడతాయి, గీతలు కలిసిన చోట మొక్క పెడతారు. మొక్కలు ఎదిగాక ఎటు నిలబడి చూసినా సాలు తిన్నగా కనపడాలి. ఆ పని మా నాన్న చేస్తే దారం పట్టి గీసినట్టు ఉండేదని వేరే వాళ్ళు కూడా పిలుచుకుపోయేవాళ్ళు. అట్లాంటి మనిషి తోలిన అచ్చు ఒక ఏడాది వంకరపోయింది. ఎద్దు కొత్తదనుకున్నారు. మరుసటేడు ఇంకా పోయింది. తర్వాత నడక పోయింది. కాళ్ళు ఎడంగా వేసి, పడవలో నిలబడ్డవాడిలా ఊగుతూ వచ్చేవాడు. మాట కూడా ముద్దగా వచ్చేది.

ఇంకేముంది. “పొద్దున్నే ఏసుకొచ్చాడ్రా” అన్నారు టీ కొట్టు దగ్గర.

మా అమ్మ బోరు షెడ్డు వెతికింది, గడ్డివాము వెతికింది, పురుగుమందు డబ్బాల సంచి కూడా బోర్లించింది. ఒక్క సీసా దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. ఒకరోజు నన్ను పీట మీద కూచోబెట్టి, “దీని తలమీద చెయ్యేసి చెప్పయ్యా, తాగలేదని” అంది. నాన్న చెయ్యి చాపాడు. చెయ్యి నా తల దగ్గరికి వస్తూ అటూ ఇటూ ఊగింది, రెండుసార్లు తప్పి మూడోసారి నా పాపిట మీద పడింది.

“చూశావా, చెయ్యి ఎట్టా వణుకుతుందో. అబద్ధం కాబట్టే” అంది అమ్మ.

నేనూ నమ్మాను. నమ్మడమే కాదు, బస్టాపు దగ్గర ఒకసారి ఆయన తూలి పడబోతే, నాతో కుట్టు నేర్చుకునే పిల్లలంతా చూస్తుండగా, “తాగొచ్చేటట్టయితే ఇంటికి రామాక” అన్నాను. చుక్క ముట్టని మనిషిని అంతమాట అన్నాను. నేనన్న మాటల్లో తిరిగి మింగేసే వీలుంటే మొదట మింగేది దాన్నే.

ఆ తర్వాత నుంచీ ఆయన బయటికి వెళ్తే నేనూ వెంట వెళ్ళడం మొదలుపెట్టాను. ప్రేమతో కాదు, నలుగురూ నవ్వకుండా. పోను పోను ఆయన వేళ్ళు నా బ్యాగు పట్టీలోకి వాటంతటవే చేరాయి. గట్టిగా పట్టుకోనక్కర్లేదు, ఊరికే ఆనించుకుంటే చాలు, మనిషి కుదురుగా నిలబడేవాడు. “కూతురంటే ఎంత పేణమో” అనేవాళ్ళు ఊళ్ళో. మేం తలూపి సాగిపోయేవాళ్ళం.

ఇంకొకటి చెప్పాలి, పొలమారడం సంగతి. మా నాయనమ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, గోడలు పట్టుకుని నడిచేది. వాతం అన్నారు. అన్నం తినేటప్పుడు ఆవిడకి ఊరికే పొలమారేది. దగ్గీ దగ్గీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, నేను పరిగెత్తి ఆవిడ నడినెత్తిన తట్టి, “ఎవరే నాయనమ్మా తలుచుకునేది?” అని అడిగేదాన్ని. “మీ తాత, పైనుంచి. ఇంకా రాలేదేందని” అనేది. చివరికి ఊపిరితిత్తులకి నిమ్ము చేసి పోయింది.

నాన్నకి పొలమారడం మొదలయ్యాక అదే ఆట ఇంట్లో మళ్ళీ మొదలైంది. నాన్న దగ్గగానే అమ్మ నెత్తిన తట్టేది, నేను పేర్లు అందుకునేదాన్ని. ఎక్కువగా మా మేనత్త మీదే తోసేవాళ్ళం. ఆవిడ వేటపాలెంలో జీడిపప్పు కార్ఖానాలో పనిచేస్తుంది. “అక్కడ గింజలు వలుస్తా అన్నని తలుచుకుంటుంది” అనేవాళ్ళం. ఒకసారి స్పీకరు పెట్టి ఫోను కూడా చేశాం.

“అత్తా, ఇప్పుడు నాన్నని తలుచుకున్నావా?”

“తలుచుకోకేం! పోయిన పండక్కి చీర పెడతానని మోసం చేశాడు. తిట్టుకుంటా ఉన్నా.”

నాన్న నవ్వాడు. నవ్వితే మళ్ళీ పొలమారింది. ఒక్క పూట భోజనంలో నాలుగుసార్లు మారిన రోజున అమ్మ, “ఊరంతా కట్టగట్టుకుని తలుచుకుంటున్నారు మీ నాన్నని” అంది. అందరం ఎంత నవ్వామో. ఇది జబ్బులో భాగమేమోనన్న ఆలోచన మాకెవరికీ రాలేదు.

పోయిన నెల నాన్న చేలో బోరు గుంటలో పడి ఎడమ మోచెయ్యి విరగ్గొట్టుకుంటే, కట్టుకట్టిన డాక్టరు ఆయన నడక చూసి, “ఇది తాగుడు కాదమ్మా, తలకి స్కానింగు తీయించండి” అని బ్రాడీపేటకి పంపాడు. అమ్మ ఆ మాట విని అక్కడే కుర్చీలో కూలబడింది. స్కానింగు తీశారు, రక్తం తీసి ఎక్కడికో పంపారు. ఆ ఫలితాలు చెప్తామంటేనే ఈ రెండో రాక. అమ్మ కల్లం దగ్గర ఆగిపోయింది, కాయలు పట్టాల మీద ఆరబోసి ఉన్నాయి.

పెద్ద డాక్టరు గారు లోపలికి పిలిచి, వెలుగుతున్న పలక మీద రెండు ఫిల్ములు పక్కపక్కన తగిలించారు.

“ఇది మామూలు మనిషిది. ఇది మీ నాన్నగారిది. వెనకవైపు కింద చూడమ్మా. దీన్ని చిన్నమెదడు అంటారు. నడక, నిలకడ, మాట, చేతి గురి, అన్నీ సరిచూసేది ఇదే.”

మామూలు మనిషిది ముడుచుకున్న కాలీఫ్లవర్‌లా నిండుగా ఉంది. నాన్నది రేకులు విడిపోయి, మధ్యలో నల్లటి సందులతో, ఉండాల్సిన చోటులో సగం ఖాళీ వదిలేసి ఉంది. ఎండిన మిరపకాయని చెవి దగ్గర ఊపితే లోపల గింజలు గలగలమంటాయే, పైతోలు అంతే ఉన్నా లోపల కండ లేక, అట్లా అనిపించింది నాకు. నాన్న కూడా చూశాడు. చూసి తన తల వెనక చెయ్యి పెట్టుకున్నాడు.

“కుంచించుకుపోయింది” అన్నారు డాక్టరు. “ఇది వంశంలో వచ్చే జబ్బు. రక్తపరీక్షలో కూడా అదే తేలింది. వాళ్ళమ్మగారికీ ఇదే అయ్యుంటుంది. పిల్లలకి వచ్చే అవకాశం సగం, రాకపోయే అవకాశం సగం. నీకు పరీక్ష చేయించుకోవాలనిపిస్తే తర్వాత, తీరిగ్గా, అన్నీ మాట్లాడుకుని చేద్దాం. తొందరేం లేదు.”

తొందరేం లేదు అన్నారు గానీ నా చెయ్యి కూడా నా తల వెనక్కి పోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. సగం అంటే నాలో ఏ సగం అని పిచ్చి ఆలోచన వచ్చింది.

తర్వాత ఆయన చిన్న డాక్టరమ్మ రాసిన కాగితం తీసి చూశారు. ఫిల్ము చూశారు. మళ్ళీ కాగితం చూశారు.

“ఇంట్లో కూడా ఇట్లాగే నడుస్తారా?”

“ఇట్లాగేనండి” అన్నాను.

“ఎందుకు అడుగుతున్నానంటే, చిన్నమెదడు ఎంత కుంచించుకుపోతే మామూలుగా జబ్బు అంత ముదిరి ఉంటుంది. కాటా వేసినట్టు కచ్చితంగా ఉండదనుకో. ఫిల్ములో కొంచెమే కనపడినా బాగా ఇబ్బందిపడేవాళ్ళున్నారు. కానీ ఈ ఫిల్ముకీ ఈ మార్కులకీ మరీ ఎడంగా ఉంది.” పెన్ను తీసి చిన్నమెదడు ముందు సన్నటి కాడలాంటి దాన్ని చూపించారు. “ఇది కూడా సన్నబడింది. మింగడానికీ దీనికీ సంబంధం ఉంది. నీళ్ళు తాగుతుంటే పొలమారుతుందా?”

నాన్న నా వంక చూశాడు.

“ఎవరన్నా తలుచుకుంటే మారుతుందండి, అందరికీ మారినట్టే” అన్నాను నేను, నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. “రోజుకి ఎన్నిసార్లు?”

“ఎప్పుడన్నా ఒకసారండి.”

“వాళ్ళమ్మగారు ఎట్లా పోయారు?”

“నిమ్ము చేసిందండి.”

ఆయన అది రాసుకున్నారు. “నడక కంటే నాకు ఇదే భయం. కడుపులోకి పోవాల్సింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎట్లా తాగాలో, ఎట్లా మింగాలో నేర్పించే ఆవిడ ఉన్నారు. పంపించమంటావా?”

“అవసరం లేదండి. బాగానే తింటాడు.”

“సరే, నువ్వు ఆ తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడు. ఆయన్ని ఒక్కరినీ నడవమను.”

నాన్న కుర్చీ చేతులు పట్టుకుని, “పొద్దుట్నుంచీ ఏం తిన్లేదండీ. నీర్సంగా ఉంది” అన్నాడు. నేను వెంటనే, “బస్సు టైమైపోతుందండి” అన్నాను. ఇద్దరం కలిసి అబద్ధాలాడటంలో ఎంత ఆరితేరామంటే, కనుసైగ కూడా అక్కర్లేకపోయింది. ఆయన మా ఇద్దరినీ కాసేపు చూసి, “ఈసారి వచ్చేటప్పుడు ఇంట్లో తీసిన వీడియో అయినా తీసుకురండి” అని రెండు నెలలకి రమ్మన్నారు. ఫైలు మీద ఆసుపత్రి వాట్సాప్ నంబరు రాసిచ్చారు.

నాన్న ఎందుకు దాచాడో నాకు సాయంత్రం తెలిసింది. నేనెందుకు దాచానో అక్కడే తెలుసు. సిగ్గు పాతది, అదెప్పుడూ ఉన్నదే. కొత్తగా పుట్టింది భయం. నాన్నకి జబ్బు తక్కువని కాగితం మీద ఉంటే, నాకొచ్చినా తక్కువే వస్తుందని, అసలు రాదేమోనని, ఏదో లెక్క వేసుకుంది నా బుర్ర. లెక్కల్లో రెండుసార్లు తప్పినదాని లెక్క.

ఎండ తగ్గేసరికి ఊరు చేరి, సరాసరి కల్లానికి వెళ్ళాం. అమ్మా, పక్కింటి పిన్నీ కాయలకి తొడిమలు తీస్తున్నారు. ఘాటుకి నాకు తుమ్మొచ్చింది.

“ఏందంటా?” అంది అమ్మ చేతులాపి.

“తక్కువేనంట” అన్నాడు నాన్న. అది చెప్పేటప్పుడు ఆయన మొహం ఎంత వెలిగిపోయిందో. “నడక బానే ఉందన్నారు.”

“మా బావగారికేం, రాజాలాగ నడుస్తాడు కూతుర్నేసుకుని” అంది పిన్ని. నీళ్ళ సీసా అందించింది.

కల్లంలో నీళ్ళు ఒకరి తర్వాత ఒకరం తాగుతాం కాబట్టి సీసాకి ఎవరం మూతి ఆనించం. తల వెనక్కి వాల్చి, పైనుంచి గొంతులోకి పోసుకోవాలి. నాన్న పట్టా మీద కూచుని అట్లాగే తల వాల్చి పోసుకున్నాడు. రెండు గుక్కలు పోయాయి. మూడోది పొలమారింది.

“ఎవరో గట్టిగానే తలుచుకున్నారు బావగారూ!” అంది పిన్ని.

అమ్మ మిరపచేత్తోనే నెత్తిన తట్టింది. నేను అలవాటుగా, “వేటపాలెం...” అని మొదలుపెట్టి ఆగిపోయాను. నాన్న దగ్గట్లేదు. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. కుడిచెయ్యి గాల్లో దేన్నో వెతుకుతోంది. మొహం నల్లబడుతోంది. అలాగే పక్కకి ఒరిగి మిరపకాయల్లో పడిపోయాడు.

అమ్మ ఇంకా తడుతూనే ఉంది. “తలమీద కొట్టమాకే అమ్మా!” అని ఎంత గట్టిగా అరిచానో పక్క కల్లంలో వాళ్ళు లేచి నిలబడ్డారు. ఆయన్ని ముందుకి వంచి, భుజాల మధ్య అరచేత్తో గుద్దాను. ఎన్ని గుద్దానో తెలియదు. ఒక్కసారిగా నీళ్ళూ చొంగా బయటికొచ్చి, ఊపిరి లోపలికి పోయింది. తుప్పుపట్టిన చేతిపంపు కొట్టినట్టు చప్పుడు. ఆ చప్పుడు వినపడ్డాక ఆయన పక్కనే కూలబడ్డాను.

పిన్ని తొడిమలు వదిలేసి వెళ్ళిపోయింది. నాన్న జుట్టులోంచి కాయలు తీస్తూ అమ్మతో అంతా చెప్పేశాను. ఫిల్ము, సందులు, కాడ, మింగడం, నేనాడిన అబద్ధాలు. అమ్మ ఏడవలేదు. “అయితే అత్తమ్మకి కూడా...” అని ఆగిపోయింది. ఆవిడ చెయ్యి తన ఒళ్ళో ఏదో తప్పుచేసినదానిలా పడి ఉంది.

“నువ్వు బానే చెప్పావ్‌లే” అన్నాడు నాన్న, గొంతు సర్దుకుని. “అట్టానే ఉండనీ.”

“ఎట్టా ఉండనీను నాన్నా? ఇంకాసేపుంటే పోయేవాడివి.”

“ఎక్కువని రాస్తే మంచంలో కూచోబెడతారు. మా అమ్మని మేం అట్టాగే చేశాం. పడతందని కదలనియ్యలేదు. ఆర్నెల్లకి లేవడమే మర్చిపోయింది.”

మాట మాటకీ ఆగుతూ చెప్పాడు. ఈసారి నేను ఆయన మాట అందుకోలేదు. పూర్తయ్యేదాకా కూచున్నాను.

“నేను నీకోసం అబద్ధమాడలేదు నాన్నా” అన్నాను. “నాకూ వస్తదేమోనని భయమేసి ఆడాను.”

“నీకెందుకొస్తదే పిచ్చిదానా” అన్నాడు. అని, నా మొహం చూడలేక కాయల వంక తిరిగాడు. అమ్మ లేచి పట్టా అంచు సర్దడానికి వెళ్ళింది, అది సర్దేంత చెదరలేదు గానీ. నాన్నే మళ్ళీ అన్నాడు.

“ఆ డాక్టరు వీడియో అడిగాడు కదా.”

“ఊఁ.”

“మంచంలో కూచోబెట్టమని రాయనని చెబితేనే.”

“కదలమనే చెబుతారేమో నాన్నా, పడకుండా కదలమని. నేను అడుగుతాగా.”

మర్నాడు పొద్దున, కూలీలు ఇంకా రాకముందు, కల్లం పక్క చదును చేసిన నేల మీదికి నాన్నని తీసుకెళ్ళాను. బ్యాగు ఇంట్లోనే వదిలేశాను. అమ్మని ఆయన వెనక రెండడుగుల దూరంలో నిలబెట్టి, “పడిపోయేదాకా పట్టుకోమాక” అన్నాను. నేను ఎదురుగా వెళ్ళి ఫోను తీసి నొక్కాను. నాన్న కాళ్ళు ఎడంగా పెట్టి బయల్దేరాడు. మూడో అడుగుకి ఎడమకి పోయాడు. కట్టులేని చెయ్యి బారచాపాడు. ఐదో అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియక కాలు గాల్లో ఆగిపోయింది. నా చెయ్యి ముందుకి పోబోతే, దాన్నీ ఫోను మీదికే తెచ్చుకున్నాను. ఏడో అడుగులో అమ్మ ఆయన్ని నడుం దగ్గర పట్టేసుకుంది. ఫోనులో అంతా పడింది, చివర్లో నాన్న నా వైపు చూసి, “చాలా?” అనడం కూడా.

దాన్ని ఆసుపత్రి నంబరుకి పంపి, కింద వాయిస్ మెసేజ్ పెట్టాను. మొదటిసారి ఏడుపొచ్చి చెరిపేశాను. రెండోసారి ట్రాక్టరు చప్పుడు. మూడోసారి ఇట్లా చెప్పాను:

“నమస్తే డాక్టరు గారండీ. నిన్న మోచేతికి కట్టున్న ఆయనతో వచ్చిన అమ్మాయినండి. నిన్న నేను చెప్పినవి నిజం కాదండి. నాన్న నా బ్యాగు పట్టుకుని నడిచాడండి, ఆ డాక్టరమ్మ గారి తప్పు లేదు. రోజుకి ఏడెనిమిదిసార్లు పొలమారుతుందండి. నిన్న సాయంత్రం ఊపిరి అందలేదండి. ఆ మింగడం నేర్పించే ఆవిడ దగ్గరికి పంపండి. రెండు నెలలు ఆగలేమండి, ఎప్పుడు రమ్మంటే అప్పుడు బయల్దేరతాం. ఆయన్ని మాత్రం మంచంలో ఉండమని చెప్పకండి, ఆయనకి అదొక్కటే భయం.”

పంపాక వెనక్కి తీసేసుకుందామా అని వేలు దాని మీదికే పోయింది. ఫోను అమ్మ చేతికిచ్చేసి, పట్టా మీద కూచుని తొడిమలు తీయడం మొదలుపెట్టాను.